విండోస్, లైనక్స్, మ్యాక్: గుట్టు ఎక్కడ దక్కుతుంది?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే గొడవ చుట్టూ తిరిగాయి. ఏ ఆపరేటింగ్ సిస్టమ్ వాడితే మన వ్యక్తిగత విషయాలు మన దగ్గరే ఉంటాయన్న వాదన ఆన్‌లైన్‌లో ఒకసారి మొదలైతే తెల్లవారినా తెగదు. అందులో పాల్గొని అలసిపోయినవారూ, పక్కన నిలబడి చూసి అయోమయంలో పడినవారూ రాసిన ప్రశ్నలను కొంత కుదించి ఇక్కడ ఇస్తున్నాను.

ప్రశ్న: నేను పదిహేనేళ్లుగా విండోస్ వాడుతున్నాను. అందులో నేను కొట్టే ప్రతి అక్షరమూ కంపెనీకి చేరుతుందని, వెంటనే లైనక్స్‌కు మారిపొమ్మని మా మేనల్లుడు పోరుతున్నాడు. మ్యాక్ వాడే మా ఆఫీసు మిత్రుడేమో మేమిద్దరమూ పొరబడుతున్నామని, అసలైన గోప్యత తన కంప్యూటర్‌లోనే ఉందని అంటాడు. ఎవరి మాట నమ్మమంటారు?
– ఒక గుమస్తా

జవాబు: మీ మేనల్లుడి మాటలో కొంత నిజం, కొంత అతిశయోక్తి ఉన్నాయి. మీ మిత్రుడి మాటలో ధీమా పాలు ఎక్కువ.

విండోస్ 10 విడుదలైన 2015 నుంచి ఈ తగవు బాగా ముదిరింది. కంప్యూటర్‌కు ఏ పరికరాలు తగిలించి ఉన్నాయి, ఏ ప్రోగ్రామ్ ఎక్కడ ఆగిపోయింది వంటి వివరాలను తయారీదారుకు పంపే ఏర్పాటును టెలిమెట్రీ అంటారు. విండోస్‌లో దాన్ని మామూలు వినియోగదారుడు తగ్గించుకోగలడే గాని పూర్తిగా ఆపలేడు. విండోస్ 11 సెట్టింగ్స్‌లో ప్రైవసీ విభాగం తెరిచి చూడండి: తప్పనిసరిగా వెళ్లే సమాచారం ఒకటి, మీ ఇష్టాన్నిబట్టి వెళ్లేది ఇంకొకటి ఉంటాయి. రెండోదాన్ని ఆపే మీట అక్కడే ఉంది, మొదటిదానికి మీట లేదు. టైపింగ్‌ను మెరుగుపరచడానికంటూ నమూనాలు పంపే ఏర్పాటు ఇంకొకటి విడిగా ఉంది, దాన్నీ ఆపవచ్చు. కాబట్టి ‘ప్రతి అక్షరమూ’ అనడం అతిశయోక్తి. ఏమీ పంపనివ్వను అనే అవకాశం మీకు లేదన్నది మాత్రం నిజం.

ఇక లైనక్స్ సంగతి. ఉబుంటు అనే లైనక్స్ రకం 2012 అక్టోబరులో విడుదల చేసిన 12.10 కూర్పులో, తన కంప్యూటర్‌లోనే ఉన్న ఒక ఫైలు కోసం ఎవరైనా వెదికితే, వారు టైపు చేసిన మాట ఉబుంటును తయారుచేసే కానానికల్ సంస్థ సర్వర్‌కు వెళ్లి, అమెజాన్‌లో అమ్మకానికి ఉన్న వస్తువులను వెంటబెట్టుకుని తిరిగి వచ్చేది. ఎవరైనా వాడుకుని మార్చుకోగల స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం 1983లో గ్నూ ప్రాజెక్టును ప్రకటించిన రిచర్డ్ స్టాల్మన్ దాన్ని గూఢచారి సాఫ్ట్‌వేర్ అని బాహాటంగానే విమర్శించాడు. ఆపే మీట అప్పుడూ ఉంది, కానీ ఆ వెదుకులాట ముందే ఆన్ చేసి ఉండేది. 2016లో వచ్చిన 16.04తో గాని ఆ పద్ధతి మారలేదు. అదే లైనక్స్ కుటుంబానికి చెందిన డెబియన్‌లో, ఏ ప్యాకేజీలను, అంటే ప్రోగ్రామ్‌ల మూటలను, ఎందరు వాడుతున్నారో లెక్కగట్టే ఏర్పాటు ఒకటుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అది మీ అనుమతి అడుగుతుంది, ముందుగా గుర్తుపెట్టి ఉంచిన జవాబు ‘వద్దు’. ఇద్దరూ లైనక్స్ వారే, మర్యాదలో మాత్రం ఎంత తేడా చూడండి. అన్నట్టు, ఆండ్రాయిడ్ ఫోన్‌లో సిస్టమ్‌కు గుండెకాయ వంటి కెర్నల్ కూడా లైనక్స్‌దే. ఆ ఫోన్‌ను చేతిలో పట్టుకుని, అందులోనే టైపు చేస్తూ, లైనక్స్ అంటేనే గోప్యత అని వాదించేవారిని చూసినప్పుడల్లా నాకు నవ్వు వస్తుంది.

మ్యాక్ గుట్టు కూడా ఒక రోజు బయటపడింది. 2020 నవంబరు 12న ప్రపంచమంతటా మ్యాక్‌లలో ప్రోగ్రామ్‌లు తెరుచుకోవడానికి ఎంతోసేపు పట్టింది. చిత్రమేమిటంటే, ఇంటర్నెట్ తీసేసినవారికి అవే ప్రోగ్రామ్‌లు టక్కున తెరుచుకున్నాయి. ప్రోగ్రామ్ తయారుచేసినవారి సర్టిఫికెట్ ఇంకా చెల్లుతోందా లేదా అని మ్యాక్ ఆపిల్ సర్వర్‌ను అడుగుతుంది. ఆ సర్వర్ ఆ రోజు నత్తనడక నడవడంతో, అలా అడుగుతున్నదన్న సంగతే చాలామందికి తొలిసారి తెలిసింది. ఆ ప్రశ్న ఎన్‌క్రిప్షన్ (ఇతరులు చదవలేని రహస్య రూపం) లేకుండా, దారిలో ఎవరైనా చదవగలిగే రూపంలో వెళ్తున్నదన్నదీ అప్పుడే చర్చకు వచ్చింది. దరిమిలా, ఇంటర్నెట్‌లో ఒక్కో కనెక్షన్‌ను గుర్తించే ఐపీ అడ్రస్‌లను నమోదు చేయడం మానేశామని ఆపిల్ ప్రకటించింది. ప్రమాదకరమైన ప్రోగ్రామ్‌లను అడ్డుకోవడానికి చేసిన ఏర్పాటే అది, దురుద్దేశమేమీ లేదు. అయినా ఏ వేళ ఏ సంస్థ తయారుచేసిన ప్రోగ్రామ్ తెరిచామన్నది మనకు తెలియకుండా ఇల్లు దాటుతూనే ఉండేది.

అందుచేత నేను సిస్టమ్ పేరు కన్నా, దాన్ని మన చేతికిచ్చినప్పుడు మీటలు ఏ వైపు తిప్పి ఇచ్చారన్నదే ముందు చూస్తాను, ఎందుకంటే చాలామంది వాటిని మళ్లీ ముట్టుకోరు. ఆ లెక్కన డెబియన్ వంటివి విండోస్ కన్నా మెరుగని చెప్పడానికి నాకు సంకోచం లేదు. అయితే లైనక్స్‌కు మారిన తరువాత కూడా అదే బ్రౌజర్‌లో, అదే ఖాతాతో లాగిన్ అయ్యి కూర్చుంటే, మీరు వెదికేవి, చూసేవి ఇదివరకు ఎక్కడికి వెళ్లాయో ఇప్పుడూ అక్కడికే వెళ్తాయి. ముందు పెన్‌డ్రైవ్ నుంచే లైనక్స్‌ను నడిపి చూడమని మీ మేనల్లుడితో చెప్పండి. హార్డ్‌డిస్క్‌ను ముట్టుకోకుండానే రెండు వారాలు వాడి, మీ ప్రింటర్ పనిచేస్తుందో లేదో తేల్చుకోవచ్చు. టెలిమెట్రీని సమూలంగా తుడిచేస్తామని చెప్పే ఉచిత పరికరాల జోలికి మాత్రం పోవద్దు. ఒకప్పుడు నేనూ ఆవేశపడి అలాంటిదొకటి దింపుకుని నడిపాను. అది సర్వర్ల పేర్లను అడ్డగోలుగా మూసివేయడంతో, టెలిమెట్రీతో పాటు భద్రతా అప్‌డేట్లు కూడా ఆగిపోయాయి. ఆ సంగతి నేను గమనించేసరికి రెండు నెలలు గడిచాయి.

ప్రశ్న: లైనక్స్‌లాగా ఓపెన్ సోర్స్ అయితే, అంటే కోడ్ అందరికీ తెరిచి ఉంటే, దాన్ని ప్రపంచమంతా చూస్తుంది కనుక అందులో ఎవరూ దొంగదారి పెట్టలేరని అంటారు. నిజమేనా?
– ఒక ఇంజినీరింగ్ విద్యార్థి

జవాబు: చూడవచ్చు అన్నదానికీ, చూశారు అన్నదానికీ మధ్య చాలా దూరం ఉంది. వెబ్‌సైట్లకూ మనకూ మధ్య నడిచే సంభాషణను ఎన్‌క్రిప్ట్ చేయడానికి ప్రపంచంలో అసంఖ్యాకమైన సర్వర్లు వాడే ఓపెన్ఎస్ఎస్ఎల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే లోపం రెండేళ్ల పాటు ఎవరి కంటా పడకుండా ఉండిపోయి, 2014 ఏప్రిల్‌లో బయటపడింది. దాని సోర్స్ కోడ్ ఆ రెండేళ్లూ అందరికీ తెరిచే ఉంది.

మీ ప్రశ్నకు ఇంకా దగ్గరి ఉదాహరణ 2024 మార్చిలో జరిగింది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే డేటాబేస్ ఇంజినీరు డెబియన్ పరీక్షా కూర్పు మీద వేగాన్ని కొలుస్తుండగా, దూరంలోని కంప్యూటర్‌లోకి ప్రవేశించడానికి వాడే ఎస్ఎస్‌హెచ్ ద్వారా లాగిన్ కావడానికి మామూలు కన్నా సుమారు అర సెకను ఎక్కువ పడుతున్నదని గమనించాడు. మరొకరైతే యంత్రం అలసిందనుకుని ఊరుకునేవారు. అతడు తవ్వుకుంటూ పోగా, ఆ ఆలస్యం ఫైళ్లను కుదించే ఎక్స్‌జడ్ అనే చిన్న పనిముట్టు దగ్గర తేలింది. దాని 5.6.0, 5.6.1 కూర్పుల్లో సర్వర్‌లోకి చొరబడే దొంగదారి దాగి ఉంది. ఒకే ఒక్కరి భుజాల మీద నడుస్తున్న ఆ ప్రాజెక్టులోకి జియా టాన్ అన్న పేరుతో ఎవరో వచ్చి, రెండేళ్లకు పైగా ఓపికగా మంచి మార్పులు అందించి, నమ్మకం సంపాదించి, నిర్వహణ అధికారం చేతికి వచ్చాక ఈ పని చేశారు. పైగా హానికరమైన భాగాన్ని చదవదగిన కోడ్‌గా పెట్టలేదు. పరీక్షల కోసమంటూ చేర్చిన ఫైళ్లలో మాటుపెట్టి, విడుదల కోసం కట్టిన మూటలోని స్క్రిప్టు దాన్ని బయటికి తీసేలా అమర్చారు. స్థిరమైన కూర్పుల్లోకి చేరకముందే దొరికిపోవడం అందరి అదృష్టం.

ఈ కథను ఓపెన్ సోర్స్ వ్యతిరేకులు ఒకలాగా, అభిమానులు ఇంకొకలాగా చెప్పుకుంటారు. నా లెక్కలో అభిమానుల వాదనకే కొంత మొగ్గు ఉంది. మూసి ఉన్న సాఫ్ట్‌వేర్‌లో అర సెకను ఆలస్యం కనిపించినా, ఫ్రాయిండ్‌లాగా దాని వేరు దాకా తవ్వే వీలు బయటివారికి చాలా తక్కువ. అయితే ‘ప్రపంచమంతా చూస్తుంది’ అని గుండె మీద చెయ్యి వేసుకుని నిద్రపోయేవారికి మాత్రం ఆ అర సెకను గుర్తు చేయాలి.

ప్రశ్న: ఈ చర్చలన్నీ చూస్తే విసుగు వస్తుంది. నేను తప్పు పని ఏదీ చేయను. నా దగ్గర దాచుకోవలసింది ఏముంది? పేరు తీసేసి సమాచారం వాడుకుంటే నాకు నష్టమేమిటి?
– ఒక గృహిణి

జవాబు: అమ్మా, మీరు స్నానాల గది తలుపు వేసుకోవడం తప్పు పని చేయడానికి కాదు కదా. గుట్టుకూ నేరానికీ ముడిపెట్టడం దగ్గరే ఈ వాదన దారి తప్పుతుంది.

పేరు తీసేస్తే చాలునన్న నమ్మకం సంగతి చెప్తాను. 2006 ఆగస్టులో ఏఓఎల్ అనే అమెరికా ఇంటర్నెట్ సంస్థ, పరిశోధకులకు పనికివస్తుందన్న సదుద్దేశంతో, సుమారు 6 లక్షల 50 వేల మంది తమ సెర్చ్‌లో వెదికిన దాదాపు 2 కోట్ల ప్రశ్నలను అందరికీ అందుబాటులో పెట్టింది. పేర్లు లేవు, ఒక్కొక్కరికి ఒక్కొక్క అంకె మాత్రమే ఉంది. కానీ మనిషి వెదికే మాటలే మనిషిని పట్టిస్తాయి. తన ఇంటిపేరు గలవారి గురించి, తన ఊరి సేవల గురించి, తన ఒంటి నొప్పుల గురించి, తన కుక్క గురించి వెదికిన ఒక పెద్దావిడను న్యూయార్క్ టైమ్స్ విలేకరులు కొద్ది రోజుల్లోనే గుర్తుపట్టి, ఆవిడతో మాట్లాడారు. ఆవిడ చేసిన తప్పు ఏమీ లేదు. వెదికినవాటిలో కొన్ని స్నేహితుల జబ్బుల గురించి తెలుసుకోవడానికి వెదికినవి. అంటే బయటపడింది ఆవిడ గుట్టు ఒక్కటే కాదు, ఆవిడను నమ్మి చెప్పుకున్నవారిది కూడా.

మీ ఫోన్‌లోని నంబర్ల జాబితాకు ఏదైనా యాప్ అనుమతి అడిగినప్పుడు ఈ సంగతి తలుచుకోండి. ఆ జాబితాలో ఉన్న బంధువులూ, వైద్యులూ, పిల్లల టీచర్లూ ఆ యాప్‌కు ఎప్పుడూ ‘సరే’ అని చెప్పలేదు. వారి తరఫున మీరు చెప్తున్నారు.

ప్రశ్న: నేనూ మా ఆయనా ఒక వస్తువు గురించి మాట్లాడుకున్న సాయంత్రానికే దాని ప్రకటన ఫోన్‌లో కనిపిస్తోంది. ఫోన్ మన మాటలు వింటున్నదా?
– ఒక ఉపాధ్యాయురాలు

జవాబు: ఈ అనుమానం లేనివారు అరుదు. నార్త్ ఈస్టర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 17,000కు పైగా ఆండ్రాయిడ్ యాప్‌లను పరీక్షించి 2018లో ప్రకటించిన ఫలితాల్లో, మైకును రహస్యంగా ఆన్ చేసి మాటలను బయటికి పంపుతున్న దాఖలా కనిపించలేదు. వారికి దొరికింది ఇంకొకటి: కొన్ని యాప్‌లు, వాడుతున్నవారికి తెలియకుండా, తెర మీది దృశ్యాలను రికార్డు చేసి బయటి సంస్థలకు పంపుతున్నాయి.

మరి ప్రకటన ఎలా వచ్చింది? మీరు మాట్లాడుకున్న తరువాత మీ ఆయన తన ఫోన్‌లో ఆ వస్తువు కోసం వెదికి ఉండవచ్చు. మీ రెండు ఫోన్లూ ఒకే వైఫై మీద, ఒకే ఐపీ అడ్రస్‌తో, రాత్రంతా ఒకేచోట ఉంటాయి కనుక మీరిద్దరూ ఒకే ఇంటివారని ఊహించడం ప్రకటనల యంత్రాంగానికి పెద్ద పని కాదు. మాటలు వినడం కన్నా ఇది చవక, తేలిక. చెవి పెట్టకుండానే ఇంత తెలుసుకోగలగడం, నన్నడిగితే, వినడం కన్నా ఎక్కువ భయపెట్టవలసిన సంగతి. వాయిస్ అసిస్టెంట్ల మాట వేరు. అవి పొరపాటున మేలుకుని రికార్డు చేసిన ముక్కలతో సహా కొన్నింటిని నాణ్యత పరిశీలన పేరుతో మనుషులే విన్నారని 2019లో బయటపడింది. మీకు ఆ అసిస్టెంట్ అవసరం లేకపోతే ఆపివేయండి. ఆండ్రాయిడ్‌లో, ప్రకటనల కోసం మిమ్మల్ని గుర్తుపట్టడానికి వాడే ప్రకటనల ఐడీని తొలగించే వీలుంది. ఐఫోన్‌లో 2021 ఏప్రిల్‌లో వచ్చిన 14.5 కూర్పు నుంచి, ఇతర యాప్‌లలో, వెబ్‌సైట్లలో మీ జాడ పట్టాలంటే యాప్ ముందు మీ అనుమతి అడగాలి.

ప్రశ్న: బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో (ప్రైవేటు) విండో వాడితే, అందులోనూ లైనక్స్ మీద వాడితే, నన్ను ఎవరూ గుర్తుపట్టలేరు కదా?
– ఒక పాఠకుడు

జవాబు: మీరు చూసిన పేజీల చరిత్ర మీ కంప్యూటర్‌లో నమోదు కాకుండా ఆ విండో చూస్తుంది, అంతవరకే. మీ ఇంటర్నెట్ కంపెనీకీ, మీరు వెళ్లిన వెబ్‌సైట్‌కూ మీ రాక తెలుస్తూనే ఉంటుంది. ఈ విషయమై గూగుల్‌పై 2020లో వేసిన దావా 2024లో రాజీతో ముగిసింది. ప్రైవేటు విండోల్లో సేకరించిన వందల కోట్ల రికార్డులను తుడిచివేయడానికి ఆ సంస్థ ఒప్పుకుంది. లైనక్స్ వల్ల ఇక్కడ ఒక తిరకాసు కూడా ఉంది. తెర కొలతలు, అక్షరాల ఫాంట్లు, బ్రౌజర్ కూర్పు వంటివన్నీ కలిపితే అదొక వేలిముద్ర అవుతుంది. డిజిటల్ హక్కుల కోసం పనిచేసే ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ 2010లో చేసిన పరిశీలనలో 83.6 శాతం బ్రౌజర్లకు మరెవరితోనూ కలవని ముద్ర ఉన్నట్టు తేలింది. అరుదైన సిస్టమ్‌ను, అరుదైన హంగులతో వాడేవారు గుంపులో ఇంకా సులువుగా కనిపిస్తారు.

ప్రశ్న: మా పాత కంప్యూటర్ విండోస్ 11కు పనికిరాదట. విండోస్ 10నే వాడుతూ ఉండవచ్చా?
– ఒక విశ్రాంత ఉద్యోగి

జవాబు: విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. నమోదు చేసుకున్నవారికి భద్రతా అప్‌డేట్లు మరో ఏడాది అందే ఏర్పాటు ఉంది. ఆ తరువాత బయటపడే లోపాలకు మందు ఉండదు. విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ చాలా పాత యంత్రాల్లో ఉండకపోవడం ఒక చిక్కు. వెబ్ చూడటం, ఉత్తరాలు రాయడం, వీడియోలు చూడటం వరకే మీ పని అయితే ఆ యంత్రంలో లైనక్స్ వేయించుకోండి. ఈ ఒక్క సందర్భంలో లైనక్స్ అభిమానుల సలహాను నేను మారుమాట లేకుండా సమర్థిస్తాను.

ప్రశ్న: మా లాప్‌టాప్ పోయింది. పాస్‌వర్డ్ ఉంది కనుక అందులోని ఫొటోలు, కాగితాలు ఎవరూ చూడలేరని ధైర్యంగా ఉండవచ్చా?
– ఒక చిన్న వ్యాపారి

జవాబు: లాగిన్ పాస్‌వర్డ్ ఒక్కటే ఉంటే ఉండలేరు. డిస్క్‌ను ఊడదీసి ఇంకో కంప్యూటర్‌కు తగిలిస్తే ఆ పాస్‌వర్డ్‌ను అడిగేవారే ఉండరు. డిస్క్ మొత్తం ఎన్‌క్రిప్ట్ అయి ఉంటేనే ధైర్యం. తమాషా ఏమిటంటే, గోప్యత వాదనల్లో ఎప్పుడూ ఓడిపోయే విండోస్ ఇక్కడ ఒక మెట్టు పైన ఉంది. విండోస్ 11 ఉన్న చాలా కొత్త లాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే డిస్క్ ఎన్‌క్రిప్షన్ దానంతటదే మొదలవుతుంది. ఉబుంటు వంటి లైనక్స్‌లలో ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మీరే ఆ ఎంపికను వెదికి పెట్టుకోవాలి. పెట్టుకోని లైనక్స్ లాప్‌టాప్ పోతే, దొరికినవారికి అది తెరిచిన పుస్తకమే.

దీనికీ ఒక రెండో వైపు ఉంది. విండోస్‌లో ఆ తాళం తెరిచే 48 అంకెల రికవరీ కీ నకలు ఒకటి మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి వెళ్లి కూర్చుంటుంది. మరిచిపోయేవారికి అది వరం. మీ ఖాతా పాస్‌వర్డ్ తెలిసినవారికి కూడా వరమే. లైనక్స్‌లో డిస్క్ తాళానికి పెట్టుకున్న రహస్య పదబంధం మీరు మరిచిపోతే అడగడానికి ఎవరూ లేరు, ఫొటోలు శాశ్వతంగా పోయినట్టే. మ్యాక్‌లో ఫైల్‌వాల్ట్ అనే డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఆన్ చేసేటప్పుడు, ఐక్లౌడ్ ఖాతాతో తెరిచే వీలు ఉంచుకోవాలా, కీని మీరే రాసి దాచుకోవాలా అన్నది మిమ్మల్నే అడిగే పద్ధతి చాలాకాలం నడిచింది.

పోయిన లాప్‌టాప్ విషయంలో ఇప్పుడు చేయగలిగింది, అందులో తెరిచి ఉన్న ఖాతాలన్నిటి నుంచి ఫోన్ ద్వారా లాగౌట్ అయ్యి, ఈమెయిల్‌తో మొదలుపెట్టి పాస్‌వర్డ్‌లు మార్చడం. కొత్తది కొన్న రోజునే ఎన్‌క్రిప్షన్ ఆన్ అయి ఉందో లేదో చూసి, రికవరీ కీని కాగితం మీద రాసి ఇంట్లో భద్రపరచండి. ఆ కాగితాన్ని లాప్‌టాప్ సంచిలో మాత్రం పెట్టకండి.